స్టాటిక్ మెథడ్‌ని ఓవర్‌రైడ్ చేయొచ్చా? అపోహలు - వాస్తవాలు

అమీర్‌పేటలో జావా నేర్చుకుని మాదాపూర్‌కి ఇంటర్వ్యూలకు వచ్చే పిల్లలతో తరచూ మాట్లాడుతుంటాను. ఓవర్‌రైడింగ్ (పేరెంట్ క్లాసులోని మెథడ్‌ని చైల్డ్ క్లాసులో మళ్లీ రాసి దాని పని మార్చడం) గురించి గడగడా చెప్పేస్తారు. స్టాటిక్ (ఆబ్జెక్ట్‌కి కాకుండా క్లాసుకే చెందిన మెథడ్) అనగానే తడబడతారు. చాలా నోట్సుల్లో ఈ సంగతిని ఒక్క లైనుతో సరిపెట్టేస్తారు మరి.

అపోహ: చైల్డ్ క్లాసులో అదే పేరుతో స్టాటిక్ మెథడ్ రాస్తే ఓవర్‌రైడ్ అయినట్టే.

వాస్తవం: కాదు. జావాలో దీన్ని హైడింగ్ అంటారు, అంటే పేరెంట్ మెథడ్‌ని కప్పేయడమే, మార్చడం కాదు. టికెట్ అనే క్లాసులో ఛార్జీ అనే స్టాటిక్ మెథడ్ 30 రిటర్న్ చేస్తుందనుకోండి. దాన్ని ఎక్స్‌టెండ్ చేసిన, అంటే దానికి చైల్డ్ అయిన బస్‌పాస్ క్లాసులో అదే మెథడ్ 0 ఇస్తుంది. టికెట్ టైపు వేరియబుల్‌లో బస్‌పాస్ ఆబ్జెక్ట్ పెట్టి, దాని మీద ఛార్జీని కాల్ చేయండి. 30 వస్తుంది. కంపైలర్ వేరియబుల్ టైపు చూసి, ఏ మెథడో అప్పుడే తేల్చేస్తుంది. లోపల ఏ ఆబ్జెక్ట్ ఉందో దానికి అక్కర్లేదు. నమ్మకం కుదరకపోతే ఆ వేరియబుల్‌లో నల్ (ఏ ఆబ్జెక్టూ లేదని చెప్పే విలువ) పెట్టి చూడండి. నల్ పాయింటర్ ఎక్సెప్షన్ రాదు, అదే 30 వస్తుంది.

అసలు దెబ్బ తగిలేది ఇంకోచోట. టికెట్‌లోని బిల్లు అనే మామూలు మెథడ్ లోపల ఛార్జీని కాల్ చేశారు. బస్‌పాస్ ఆబ్జెక్ట్ మీద బిల్లు నడిపినా లోపల పనిచేసేది టికెట్ ఛార్జీయే. ఎర్రర్ ఉండదు, లాగ్‌లో ఏమీ కనిపించదు, లెక్క మాత్రం తప్పుతుంది. అందుకే చైల్డ్ మెథడ్ మీద ఓవర్‌రైడ్ యానొటేషన్ (మెథడ్ పైన రాసే @Override అనే గుర్తు) పెట్టడం అలవాటు చేసుకోమని గట్టిగా చెబుతాను. అది స్టాటిక్ అయితే కంపైలర్ అక్కడే ఆపేస్తుంది.

అపోహ: స్టాటిక్ మెథడ్స్ అసలు ఇన్‌హెరిట్ కావు, అంటే పేరెంట్ నుంచి చైల్డ్ క్లాసుకి రావు.

వాస్తవం: ప్రైవేట్ కాకపోతే మామూలుగా అవుతాయి. బస్‌పాస్‌లో ఛార్జీ రాయకపోయినా బస్‌పాస్ డాట్ ఛార్జీ అంటే టికెట్‌లోది నడుస్తుంది. 2014లో జావా 8తో వచ్చిన ఇంటర్‌ఫేస్ స్టాటిక్ మెథడ్స్ మాత్రం కావు, వాటిని ఇంటర్‌ఫేస్ పేరుతోనే కాల్ చేయాలి.

అపోహ: ఏ లాంగ్వేజ్‌లోనైనా ఇంతే.

వాస్తవం: సీ షార్ప్‌లో ఆబ్జెక్ట్ మీద స్టాటిక్ మెథడ్‌ని కాల్ చేయనివ్వరు, అదే మంచి పద్ధతని నా అభిప్రాయం. పైథాన్‌లో క్లాస్‌మెథడ్‌కి, కాల్ చేసిన క్లాసే మొదటి ఆర్గ్యుమెంట్‌గా అందుతుంది. పీహెచ్‌పీలో సెల్ఫ్ అని రాస్తే ఆ కోడ్ ఉన్న క్లాసు, 2009లో 5.3 వెర్షన్ నుంచి స్టాటిక్ అని రాస్తే కాల్ చేసిన క్లాసు. జావాలో అలాంటి వీలు లేదు. క్లాసును బట్టి ఫలితం మారాలంటే ఛార్జీ ముందున్న స్టాటిక్ తీసేయండి.