వెనక కొండకి పచ్చ రంగు వద్దు

చిన్నీ, బుజ్జీ,

మీరేసిన బొమ్మ ఫోటో చూశాను, పాపికొండలు, గోదారి, మనం ఎక్కిన లాంచీ అన్నీ వేశారు, ఎంత ముచ్చటేసిందో. ఒక్కటే మాట, ముందు కొండకీ వెనక కొండకీ ఒకటే ఆకుపచ్చ వేసేశారమ్మా, అందుకే అన్నీ ఒకే గోడకి అతికించినట్టున్నాయి.

ఆ రోజు పొద్దున్న గుర్తుందా? దగ్గర కొండ మీద చెట్లు విడివిడిగా కనిపించాయి, దాని వెనకది బూడిద నీలం, ఆ వెనకది ఇంకా పలచన, చివరిదైతే ఆకాశంలో కలిసిపోయింది. అక్కడా చెట్లు పచ్చగానే ఉంటాయి, కానీ మధ్యలో ఉన్న గాలి ఎండలోని నీలాన్ని ఎక్కువ చెదరగొడుతుంది, దూరం పెరిగేకొద్దీ గాలి ఎక్కువ, నీలమూ ఎక్కువ. తెలిసింది కాదు, కంటికి కనపడింది వెయ్యండి.

ఈసారి చివరి కొండతో మొదలుపెట్టండి. అల్ట్రామెరైన్ బ్లూ చుక్కంత తీసుకుని బోలెడు నీళ్ళు కలిపి వేసి, పూర్తిగా ఆరనివ్వండి, తడి మీద ఇంకో కొండ వేస్తే అంచులు పాకిపోతాయి. తర్వాతది కాస్త చిక్కగా, ముందు కొండకి వచ్చేసరికి పచ్చలో కొంచెం బర్న్ట్ సియెన్నా, అంటే ఎర్రమట్టి లాంటి గోధుమ రంగు. నీడలకి నల్ల ట్యూబు తియ్యొద్దు, ఆ నీలంలోనే బర్న్ట్ సియెన్నా కలిపితే మంచి ముదురు రంగొస్తుంది. ఎండ ఎటునుంచి వస్తోందో ముందే పెన్సిల్‌తో మూలన చిన్న బాణం గీసుకోండి, లేకపోతే నీడలు తలోవైపూ పడతాయి.

ఇక నీళ్ళ మీద మెరుపు. వాటర్ కలర్‌లో తెలుపంటే కాగితమే, దాన్ని కాపాడుకోవాలి. గరుకు కాగితం తీసుకుని, రంగులో ముంచిన బ్రష్ గుడ్డకి అద్ది దాదాపు పొడిగా చేసి, పడుకోబెట్టి పక్కకి ఒక్క లాగు లాగండి. రంగు ఎత్తుల మీదే అంటుకుని గుంటల్లో తెల్లచుక్కలు మిగిలిపోతాయి, అచ్చం ఎండలో గోదారిలా! బాగా వచ్చిందని మళ్ళీ దిద్దారో, పోయిందే.

సెలవులకి రండి, రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావు గారి గ్యాలరీకి తీసుకెళ్తా. 1897లో పుట్టి 1925లో మశూచితో పోయారు, 28 కూడా నిండలేదు, ఆ కొద్ది కాలంలోనే ఎన్ని బొమ్మలు వేశారో! ఒక్కోదాని ముందు కళ్ళు సగం మూసి చూద్దాం, గీతలన్నీ పోయి వెలుగూ నీడా మాత్రమే మిగులుతాయి. ఈలోపు ఆ చివరి కొండ ఒక్కటి వేసి, ఆరాక ఫోటో పంపండి.

మీ తాతయ్య