దక్షిణాఫ్రికా: ఓటును అడ్డుకోవాలనుకున్న తుపాకులు

1994 ఏప్రిల్ 27న దక్షిణాఫ్రికాలో అన్ని జాతుల వాళ్లూ మొదటిసారి కలిసి ఓటేశారు. అంతకు మూడు రోజుల ముందు జొహానెస్‌బర్గ్ నడిబొడ్డున కారు బాంబు పేలి 9 మంది చనిపోయారు. మర్నాడు జెర్మిస్టన్ టాక్సీ స్టాండులో మరో 10 మంది. పోలింగ్ మొదలయ్యాక విమానాశ్రయంలోనూ బాంబు పేలింది. ఇవన్నీ ఏడబ్ల్యూబీ అనే శ్వేతజాతి తీవ్రవాద సంస్థ మనుషుల పనే. అయినా జనం గంటల తరబడి క్యూల్లో నిలబడి ఓటేశారు.

ఏడబ్ల్యూబీ 1973లో హైడెల్‌బర్గ్‌లో పుట్టింది. నాయకుడు యూజీన్ టెర్రెబ్లాంష్. నాజీ స్వస్తికను గుర్తుచేసే జెండా, ఖాకీ దుస్తులు, గుర్రపు స్వారీ ఊరేగింపులు. కెమెరాలన్నీ అతనివైపే తిరిగేవి. నా దృష్టిలో అసలు ప్రమాదం మాత్రం అతను కాదు. 1967 నుంచి శ్వేతజాతి యువకులకు సైనిక సేవ తప్పనిసరిగా ఉండేది. పల్లెల్లో కమాండో దళాలు, అంటే సైన్యానికి అనుబంధంగా స్థానికులతో నడిచే దళాలు, ఉండేవి. తుపాకీ పట్టడం తెలిసిన వాళ్లు ఊరూరా ఉన్నారు. వాళ్లను ఒక్కతాటిపైకి తెచ్చే సైనికాధికారి దొరికితే అంతర్యుద్ధమే.

1990 ఫిబ్రవరిలో అధ్యక్షుడు డి క్లెర్క్ మండేలా పార్టీ ఏఎన్‌సీపై నిషేధం ఎత్తేసి మండేలాను విడుదల చేశాక ఆ భయం నిజమయ్యేలా కనిపించింది. 1993 ఏప్రిల్ 10న కమ్యూనిస్టు నాయకుడు క్రిస్ హానీని యానుష్ వాలుష్ అనే పోలిష్ వలసదారుడు హానీ ఇంటి ముందే కాల్చి చంపాడు. తుపాకీ ఇచ్చింది కన్జర్వేటివ్ పార్టీ నేత క్లైవ్ డెర్బీ-లూయిస్. దేశమంతా రగిలిపోయింది. హంతకుడి కారు గురించి పోలీసులకు చెప్పింది ఒక ఆఫ్రికానర్ (ప్రధానంగా డచ్ మూలాలున్న శ్వేతజాతి) మహిళ. ఏప్రిల్ 13 రాత్రి టీవీలో మండేలా ఆ సంగతే ఎత్తి చెప్పి శాంతంగా ఉండమని వేడుకున్నాడు. అధికారంలో లేని మనిషి దేశాన్ని నిలబెట్టిన రాత్రి అది.

జూన్‌లో కెంప్టన్ పార్క్‌లో అధికార మార్పిడి చర్చలు జరుగుతున్న భవనంలోకి శ్వేతజాతి సాయుధులు కవచ వాహనంతో అద్దాలు పగలగొట్టుకుని చొరబడ్డారు. అప్పటికే మాజీ సైన్యాధిపతి కాన్‌స్టాండ్ విల్జోయెన్ ఆఫ్రికానర్ల తరఫున రంగంలోకి దిగాడు. జనం ఎదురుచూసి భయపడ్డ సైనికాధికారి ఆయనే. మండేలా ఆయన్ను శత్రువని వెలివేయలేదు, రహస్యంగా కూర్చోబెట్టుకుని మాట్లాడాడు. 1994 మార్చిలో, నల్లవారికోసం వర్ణవివక్ష ప్రభుత్వం విడదీసిన ప్రాంతాల్లో ఒకటైన బొఫుథాట్స్వానా పాలకుడు మంగోపేకు అండగా విల్జోయెన్ మనుషులు వెళ్తే, ఏడబ్ల్యూబీ కూడా ఎగబడి వెళ్లి వీధుల్లో నల్లవారిపై కాల్పులు జరిపింది. స్థానిక బలగాలు తిరగబడ్డాయి. ముగ్గురు ఏడబ్ల్యూబీ సభ్యులు కెమెరాల ముందే హతమయ్యారు. దాంతో విల్జోయెన్ తుపాకీ దారి వదిలి ఫ్రీడమ్ ఫ్రంట్ పార్టీ తరఫున ఎన్నికల్లో పోటీ చేశాడు. 400లో 9 సీట్లు వచ్చాయి. ఆ 9 సీట్లు ఎన్ని ప్రాణాలు కాపాడాయో లెక్కకట్టలేం.

తీవ్రవాదం అంతటితో పోలేదు, చిన్న గుంపులుగా మిగిలింది. 2002 అక్టోబరులో బూరెమాగ్ అనే శ్వేతజాతి తీవ్రవాద ముఠా, నల్లవారు ఎక్కువగా ఉండే సొవేటోలో వరుస బాంబులు పేల్చింది, ఒక మహిళ చనిపోయింది. నిందితుల్లో సైన్యంతో సంబంధమున్న వాళ్లూ ఉన్నారు. కొన్ని నెలలకే, 2003లో, కమాండో దళాలను దశలవారీగా రద్దు చేస్తున్నట్టు అధ్యక్షుడు ఎంబెకి ప్రకటించాడు. ప్రిటోరియాలో బూరెమాగ్ నిందితుల విచారణ పదేళ్లు నడిచి 2013లో శిక్షలు పడ్డాయి. నేరం: దేశద్రోహం.