కంటైనర్‌లో బీన్స్ వెతకడం, జాబితా తీయడం: అపోహలు - వాస్తవాలు

జావా ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్‌లో, అప్లికేషన్‌కి కావలసిన ఆబ్జెక్టులను (వీటినే బీన్స్ అంటారు) తయారు చేసి అందించేది కంటైనర్. అందులో ఏమేం ఉన్నాయో తెలుసుకోవాలంటే ముందు ఒకటి తేల్చుకోవాలి. మనకు కావలసింది డెఫినిషన్లా, పేర్లా, ఆబ్జెక్టులా? డెఫినిషన్ అంటే బీన్‌ని ఎలా తయారు చేయాలో రాసి ఉన్న వివరం. పేరు అడిగితే, ఫలానా టైప్‌కి సరిపోయే బీన్స్ ఏవో తెలుస్తుంది. ఆబ్జెక్ట్ అడిగితే మాత్రం, అది అప్పటికి లేకపోతే కంటైనర్ తయారు చేసి మరీ ఇస్తుంది. కింద చెప్పిన పొరపాట్లలో చాలావరకు ఈ మూడింటినీ ఒకటిగా అనుకోవడం వల్ల వచ్చేవే.

అపోహ: గెట్‌బీన్‌డెఫినిషన్‌నేమ్స్ పిలిస్తే అన్నీ వచ్చేస్తాయి.

రావు. ఆ ఒక్క ఫ్యాక్టరీలో (అంటే ఆ కంటైనర్‌లో) డెఫినిషన్ ఉన్న బీన్స్ పేర్లు మాత్రమే వస్తాయి. రిజిస్టర్‌సింగిల్టన్ ద్వారా నేరుగా పెట్టిన ఆబ్జెక్టులకు డెఫినిషన్ ఉండదు కాబట్టి అవి అందులో ఉండవు. 'ఎన్విరాన్‌మెంట్', 'సిస్టమ్‌ప్రాపర్టీస్' అనే పేర్లతో స్ప్రింగే పెట్టుకునే బీన్స్ ఈ కోవలోవే. జాబితాలో వెతికితే దొరకవు, గెట్‌బీన్‌తో పేరు పెట్టి అడిగితే వస్తాయి. మారుపేర్లు కూడా ఆ జాబితాలో ఉండవు, వాటికోసం గెట్‌ఎలియాసెస్‌ని విడిగా అడగాలి.

దీనికి సరిగ్గా ఎదురు తిరిగిన సంగతి ఇంకొకటి ఉంది. కంటైనర్‌నే సూచించే అప్లికేషన్‌కాంటెక్స్ట్‌ని, బీన్‌ఫ్యాక్టరీని ఏ క్లాస్‌లోకైనా ఇంజెక్ట్ చేసుకోవచ్చు, అంటే కంటైనరే తెచ్చి అందిస్తుంది. అంతమాత్రాన అవి బీన్స్ కావు. వాటిని కంటైనర్ ప్రత్యేకమైన డిపెండెన్సీలుగా నమోదు చేసుకుంటుంది. అందుకే ఆ టైప్ ఇచ్చి గెట్‌బీన్ పిలిస్తే నో‌సచ్‌బీన్‌డెఫినిషన్ ఎక్సెప్షన్ వస్తుంది.

అపోహ: గెట్‌బీన్స్‌ఆఫ్‌టైప్ ఉన్నవాటిని చూపిస్తుంది, అంతే. దేన్నీ కదిలించదు.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. ఈ మెథడ్ ముందు టైప్‌కి సరిపోయే పేర్లు తీస్తుంది. తర్వాత ఒక్కో పేరుకీ గెట్‌బీన్ పిలిచి, పేరు-ఆబ్జెక్ట్ జతల మ్యాప్ ఇస్తుంది. లేజీ (అడిగినప్పుడే తయారయ్యేది) అని పెట్టిన బీన్ ఆ క్షణంలోనే తయారవుతుంది. ప్రోటోటైప్ బీన్ ఉంటే పిలిచిన ప్రతిసారీ కొత్తది పుడుతుంది. ఆ కొత్తదాన్ని కంటైనర్ తర్వాత పట్టించుకోదు, దాని డిస్ట్రాయ్ మెథడ్‌ని పిలవదు. 'ఎన్ని ఉన్నాయో లెక్క చూద్దాం' అని రాసిన ఒక్క లైను, కనెక్షన్ తెరిచే ప్రోటోటైప్‌ని ప్రతి రిక్వెస్ట్‌కీ ఒకటి చొప్పున పుట్టించగలదు. లెక్క మాత్రమే కావాలంటే గెట్‌బీన్‌నేమ్స్‌ఫర్‌టైప్ చాలు, అది స్ట్రింగుల ఎరే ఇస్తుంది.

రిక్వెస్ట్ స్కోప్ (ఒక్కో వెబ్ రిక్వెస్ట్‌కి ఒక్కో ఆబ్జెక్ట్) ఉన్నచోట ఇది ఇంకా ఇబ్బంది పెడుతుంది. 'కార్ట్' అనే క్లాస్‌కి రిక్వెస్ట్ స్కోప్, దాంతోపాటు స్కోప్డ్ ప్రాక్సీ (అసలు ఆబ్జెక్ట్ బదులు నిలబడి పిలుపులను దానికి అందించేది) పెట్టామనుకుందాం. కంటైనర్‌లో ఇప్పుడు ఒక బీన్ కాదు, రెండున్నాయి. 'కార్ట్' అన్న పేరు మీద ఉన్నది ప్రాక్సీ, అది సింగిల్టన్, అంటే కంటైనర్ మొత్తానికి ఒక్కటే. అసలు ఆబ్జెక్ట్ 'స్కోప్డ్‌టార్గెట్.కార్ట్' అన్న పేరు మీద ఉంటుంది. ఇంజెక్షన్ చేసేటప్పుడు రెండోదాన్ని కంటైనర్ పక్కన పెడుతుంది, ఎందుకంటే దాని ఆటోవైర్‌క్యాండిడేట్ ఫాల్స్‌గా ఉంటుంది. గెట్‌బీన్స్‌ఆఫ్‌టైప్ ఆ గుర్తును చూడదు, రెండింటినీ తీసుకురాబోతుంది. షెడ్యూల్డ్ జాబ్ నడిచే థ్రెడ్‌లో రిక్వెస్ట్ ఉండదు కాబట్టి రెండోదాని దగ్గర ఎక్సెప్షన్ వస్తుంది. ఒక్క బీన్ తయారీ విఫలమైతే మ్యాప్ మొత్తం చేతికి రాదు. వెబ్ రిక్వెస్ట్‌లో పరీక్షించి బాగుందనుకున్న కోడ్, రాత్రి జాబ్‌లో పడిపోవడానికి కారణం ఇదే.

దీనికి మందు రెండో ఆర్గ్యుమెంట్. ఇన్‌క్లూడ్‌నాన్‌సింగిల్టన్స్ అన్న ఆ ఆర్గ్యుమెంట్‌కి ఫాల్స్ ఇస్తే సింగిల్టన్లు మాత్రమే వస్తాయి. ప్రాక్సీ మిగులుతుంది, అసలుది రాదు. ఒక్క ఆర్గ్యుమెంట్‌తో పిలిచే రూపంలో డిఫాల్ట్ ట్రూ అని మరిచిపోకూడదు.

అపోహ: ఒకే టైప్ అడిగితే ఎప్పుడడిగినా అవే బీన్స్ వస్తాయి.

కాన్ఫిగరేషన్ క్లాస్‌లో @బీన్ మెథడ్ (బీన్‌ని తయారు చేసి ఇచ్చే మెథడ్) ఒకటి ఉంది, అది రిటర్న్ టైప్‌గా 'నోటిఫయర్' అనే ఇంటర్‌ఫేస్‌ని ప్రకటించింది, లోపల మాత్రం 'ఎస్సెమ్మెస్‌నోటిఫయర్' ఆబ్జెక్ట్ ఇస్తోంది అనుకోండి. ఆబ్జెక్ట్ తయారు కాకముందు కంటైనర్‌కి తెలిసింది ప్రకటించిన టైప్ ఒక్కటే. అప్పుడు ఎస్సెమ్మెస్‌నోటిఫయర్ టైప్‌తో వెతికితే ఏమీ దొరకదు. ఆబ్జెక్ట్ తయారయ్యాక కంటైనర్ దాని అసలు క్లాస్ చూసి సరిపోల్చగలదు, అప్పుడు దొరుకుతుంది. అంటే బీన్స్ తయారైన వరుసను బట్టి ఫలితం మారుతుంది. ఏదో సంబంధం లేని డిపెండెన్సీ చేర్చగానే పనిచేసేది ఆగిపోవడం, ఆగిపోయింది పనిచేయడం ఇలాంటప్పుడే చూస్తాం. @బీన్ మెథడ్‌కి వీలైనంత నిర్దిష్టమైన రిటర్న్ టైప్ రాయడమే సరైన పద్ధతి. ఇంటర్‌ఫేస్ రిటర్న్ చేయడం మంచి డిజైన్ అన్న మాట మామూలు మెథడ్లకు సరే, ఇక్కడ అది కంటైనర్ నుంచి సమాచారం దాచడమే అవుతుంది.

ఫ్యాక్టరీబీన్ (వేరే ఆబ్జెక్ట్‌ని తయారు చేసి ఇచ్చే బీన్) విషయం కూడా ఇదే దారిలో ఉంటుంది. టైప్‌తో వెతికేటప్పుడు ముందు అది తయారు చేసే వస్తువు టైప్ చూస్తారు. అది సరిపోకపోతే ఫ్యాక్టరీనే సరిపోల్చి, పేరు ముందు '&' పెట్టి ఇస్తారు. గెట్‌ఆబ్జెక్ట్‌టైప్ నల్ ఇచ్చే ఫ్యాక్టరీబీన్ తయారు చేసే వస్తువు టైప్ వెతుకులాటలో కనిపించదు. ఫ్యాక్టరీబీన్ రాసేవాళ్లు ఆ ఒక్క మెథడ్‌ని నిజాయితీగా రాస్తే చాలా గంటలు మిగులుతాయి.

అపోహ: ఏదైనా బీన్ రాకపోతే కంటైనర్ ఎర్రర్ ఇస్తుంది.

ఇవ్వని సందర్భం ఒకటుంది, దాన్ని పట్టుకోవడం కష్టం. 'రిజిస్ట్రీ' అనే బీన్ తన కన్‌స్ట్రక్టర్‌లో హ్యాండ్లర్లన్నింటినీ గెట్‌బీన్స్‌ఆఫ్‌టైప్‌తో తెచ్చుకుంటోంది. ఆ హ్యాండ్లర్లలో ఒకటి తన కన్‌స్ట్రక్టర్‌లో రిజిస్ట్రీనే అడుగుతోంది. రిజిస్ట్రీ ఇంకా తయారీలో ఉంది కాబట్టి ఆ హ్యాండ్లర్ తయారు కాదు. ఇక్కడ గెట్‌బీన్స్‌ఆఫ్‌టైప్ ఆ ఎక్సెప్షన్‌ని మింగేసి, ట్రేస్ స్థాయి లాగ్‌లో ఒక లైను రాసి, ఆ హ్యాండ్లర్ లేకుండానే మ్యాప్ ఇచ్చేస్తుంది. అప్లికేషన్ లేస్తుంది. ఐదు హ్యాండ్లర్లు ఉండాల్సిన చోట నాలుగే ఉంటాయి. స్ప్రింగ్ బూట్ (స్ప్రింగ్ అప్లికేషన్లను తక్కువ అమరికతో నడిపించేది) 2.6 నుంచి సర్క్యులర్ రిఫరెన్సులను (ఒకదానికొకటి కావలసిన బీన్స్‌ని) డిఫాల్ట్‌గా ఆపేశారు కాబట్టి, కన్‌స్ట్రక్టర్ తర్వాత నడిచే @పోస్ట్‌కన్‌స్ట్రక్ట్ మెథడ్‌లో ఈ పని చేసినా ఫలితం ఇంతే.

సింగిల్టన్లన్నీ తయారయ్యాకే జాబితా తీయాలి. అందుకోసమే స్మార్ట్‌ఇనిషియలైజింగ్‌సింగిల్టన్ అనే ఇంటర్‌ఫేస్ ఉంది. దాని ఆఫ్టర్‌సింగిల్టన్స్‌ఇన్‌స్టాన్షియేటెడ్ మెథడ్‌లో వెతికితే ఈ ఖాళీ రాదు.

మరీ ముందుగా వెతకడం మరో రకం దెబ్బ. బీన్స్ తయారవకముందు డెఫినిషన్లను సవరించే బీన్‌ఫ్యాక్టరీపోస్ట్‌ప్రాసెసర్‌లో గెట్‌బీన్స్‌ఆఫ్‌టైప్ పిలిస్తే, బీన్ పోస్ట్‌ప్రాసెసర్లు (తయారవుతున్న బీన్స్‌ని సవరించేవి) నమోదు కాకముందే ఆ బీన్స్ పుడతాయి. వాటికి ప్రాక్సీ చుట్టేవాళ్లు అప్పటికి లేరు. ఫలితంగా @ట్రాన్సాక్షనల్ రాసి ఉన్నా ట్రాన్సాక్షన్ మొదలు కాదు, ఎక్కడా ఎర్రర్ కనిపించదు. బీన్ పోస్ట్‌ప్రాసెసర్ లోపల నుంచి లాగినా కథ అదే. లాగ్‌లో ఏదైనా బీన్ గురించి 'నాట్ ఎలిజిబుల్ ఫర్ గెట్టింగ్ ప్రాసెస్డ్ బై ఆల్ బీన్‌పోస్ట్‌ప్రాసెసర్స్' అని కనిపిస్తే దాటిపోకండి, దాన్ని ఎవరు ముందే లాగారో వెతకండి. ఈ దశలో పేర్లు మాత్రమే అడగాలి, అదీ మూడో ఆర్గ్యుమెంట్ అలౌ‌ఈగర్‌ఇనిట్‌కి ఫాల్స్ ఇచ్చి.

అపోహ: @ఆర్డర్ రాశాం కాబట్టి మ్యాప్ కూడా ఆ వరుసలోనే వస్తుంది.

లిస్ట్‌గా ఇంజెక్ట్ చేసుకుంటే @ఆర్డర్ పాటిస్తారు, చిన్న అంకె ముందు. మ్యాప్‌కి ఆ వరుస వర్తించదు. గెట్‌బీన్స్‌ఆఫ్‌టైప్ ఇచ్చే మ్యాప్ వీలైనంతవరకు డెఫినిషన్లు నమోదైన వరుసలో ఉంటుంది. మ్యాప్ విలువలు తీసి ఎనొటేషన్‌అవేర్‌ఆర్డర్‌కంపేరేటర్‌తో మనమే సర్దుకుందామంటే, క్లాస్ మీద రాసిన @ఆర్డర్‌ని అది చూస్తుంది, @బీన్ మెథడ్ మీద రాసినదాన్ని చూడలేదు. ఆబ్జెక్ట్ ఏ మెథడ్ నుంచి వచ్చిందో దానికి తెలియదు మరి. ఆబ్జెక్ట్‌ప్రొవైడర్‌లో (అడిగినప్పుడే బీన్స్ తెచ్చిచ్చేది) స్ప్రింగ్ 5.1 నుంచి ఉన్న ఆర్డర్డ్‌స్ట్రీమ్ మెథడ్ రెండింటినీ పాటిస్తుంది, నేను దాన్నే సిఫారసు చేస్తాను. పక్కనే ఉన్న స్ట్రీమ్ మెథడ్ మాత్రం ఆ వరుసకు హామీ ఇవ్వదు.

ఇంకో మాట: సింగిల్టన్లు తయారయ్యే వరుసను @ఆర్డర్ మార్చదు. దానికి @డిపెండ్స్‌ఆన్ ఉంది.

అపోహ: గెట్‌బీన్‌కి దొరికింది జాబితాలోనూ ఉంటుంది.

గెట్‌బీన్, కంటెయిన్స్‌బీన్ రెండూ ఇక్కడ లేకపోతే పేరెంట్ కాంటెక్స్ట్‌లో (పై కంటైనర్‌లో) చూస్తాయి. గెట్‌బీన్స్‌ఆఫ్‌టైప్, గెట్‌బీన్‌నేమ్స్‌ఫర్‌టైప్ చూడవు. బూట్‌లో మామూలుగా ఒకే కాంటెక్స్ట్ ఉంటుంది కాబట్టి ఈ తేడా చాలామందికి ఎదురే కాదు. యాక్చుయేటర్‌ని (అప్లికేషన్ పరిస్థితి చూపించే బూట్ భాగం) వేరే పోర్ట్‌లో నడిపితే దానికో చైల్డ్ కాంటెక్స్ట్ పుడుతుంది, అప్పుడు ఎదురవుతుంది. బీన్‌ఫ్యాక్టరీయుటిల్స్‌లో 'ఇన్‌క్లూడింగ్‌యాన్సెస్టర్స్' అని ముగిసే మెథడ్లు పైదాకా వెళ్లి చూస్తాయి. ఒకే పేరు రెండు చోట్లా ఉంటే చైల్డ్‌లోనిదే లెక్క.

అపోహ: జాబితాలో వచ్చిన ఆబ్జెక్ట్ మన క్లాస్‌దే.

ప్రాక్సీ కావచ్చు. ఇంటర్‌ఫేస్ ఉన్న క్లాస్‌కి జేడీకే ప్రాక్సీ (ఇంటర్‌ఫేస్‌ని మాత్రమే అమలు చేసేది) చుడితే, ఇంప్లిమెంటేషన్ క్లాస్ టైప్‌తో వెతికినా అది రాదు, ఇంటర్‌ఫేస్‌తోనే వెతకాలి. బూట్ 2.0 నుంచి సీజీలిబ్ ప్రాక్సీ డిఫాల్ట్. అది మన క్లాస్‌కి సబ్‌క్లాస్ కాబట్టి టైప్ వెతుకులాటలో దొరుకుతుంది. అయితే గెట్‌క్లాస్ తీసి నేరుగా ఎనొటేషన్ అడిగితే, ఆ ఎనొటేషన్ మీద @ఇన్హెరిటెడ్ లేనప్పుడు ఏమీ రాదు. ఫైండ్‌ఎనొటేషన్‌ఆన్‌బీన్ వాడండి, అది సూపర్‌క్లాసులు, ఇంటర్‌ఫేసులు కూడా గాలిస్తుంది. అసలు క్లాస్ కావాలంటే ఏఓపీయుటిల్స్ గెట్‌టార్గెట్‌క్లాస్ ఉంది.

అపోహ: యాక్చుయేటర్ బీన్స్ ఎండ్‌పాయింట్‌లో లేదంటే కంటైనర్‌లో లేనట్టే.

ఆ ఎండ్‌పాయింట్ రెండు రకాలను వదిలేస్తుంది: ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ రోల్ ఉన్న బీన్స్ (లోపలి పనికి వాడేవి), ఇంకా తయారు కాని లేజీ బీన్స్. వెబ్‌లో అది డిఫాల్ట్‌గా తెరిచి ఉండదు, ఎక్స్‌పోజర్ ప్రాపర్టీలో చేర్చాలి. అప్లికేషన్ లోపలి నిర్మాణమంతా అందులో కనిపిస్తుంది కాబట్టి ఆథరైజేషన్ లేకుండా ప్రొడక్షన్‌లో తెరవకండి.

అపోహ: కంటైనర్‌ని నేరుగా అడగడమే తప్పు.

బిజినెస్ లాజిక్‌లో గెట్‌బీన్ రాయడం తప్పే. క్లాస్‌కి ఏం కావాలో కన్‌స్ట్రక్టర్ చూసి తెలియాలి, టెస్ట్ రాసేవాళ్లకు కాంటెక్స్ట్ అక్కర్లేకుండా ఉండాలి. కానీ ప్లగిన్ల తరహాలో ఎన్ని ఇంప్లిమెంటేషన్లు వస్తాయో ముందు తెలియని చోట వెతకడం అవసరమే. అక్కడ కూడా కాంటెక్స్ట్‌ని పట్టుకోవాల్సిన పని లేదు. స్ట్రింగ్ కీతో మ్యాప్‌ని ఇంజెక్ట్ చేసుకుంటే కీలుగా బీన్ పేర్లే వస్తాయి. ఎప్పుడు తయారు కావాలో మన చేతిలో ఉండాలంటే ఆబ్జెక్ట్‌ప్రొవైడర్‌ని ఇంజెక్ట్ చేసుకోవాలి. గెట్‌ఇఫ్‌అవైలబుల్ బీన్ లేకపోతే నల్ ఇస్తుంది, గెట్‌ఇఫ్‌యూనిక్ ఒకటికి మించి ఉండి ఏది ఎంచుకోవాలో తేలకపోయినా నల్ ఇస్తుంది.

అపోహ: ఒక కంటైనర్ నేర్చుకుంటే మిగతావీ అంతే.

మరో జావా ఫ్రేమ్‌వర్క్ క్వార్కస్‌లో ఎవరూ ఇంజెక్ట్ చేసుకోని బీన్స్‌ని బిల్డ్ సమయంలోనే తీసేస్తారు. కోడ్‌లో మాత్రమే వెతికే బీన్ రన్‌టైమ్‌కి ఉండకపోవచ్చు, దానికి @అన్‌రిమూవబుల్ పెట్టాలి. మైక్రోసాఫ్ట్ వారి డాట్‌నెట్‌లో ఒకే ఇంటర్‌ఫేస్‌కి మూడు నమోదులుంటే స్ప్రింగ్‌లా గొడవ చేయదు, గెట్‌సర్వీస్ చివర నమోదైనదాన్ని ఇస్తుంది, గెట్‌సర్వీసెస్ మూడింటినీ ఇస్తుంది. మొత్తం జాబితా తీసే మెథడ్ అక్కడి ఐసర్వీస్‌ప్రొవైడర్‌లో లేనే లేదు. కావాలంటే కంటైనర్ కట్టే ముందు ఐసర్వీస్‌కలెక్షన్‌లోని డిస్క్రిప్టర్లను చదువుకోవాలి. డిస్పోజబుల్ (వాడాక విడుదల చేయాల్సినది) అయిన ట్రాన్సియెంట్ (అడిగిన ప్రతిసారీ కొత్తగా పుట్టే) సర్వీస్‌ని రూట్ ప్రొవైడర్ నుంచి అడిగితే, అప్లికేషన్ ఆగేవరకు రూట్ దాన్ని పట్టుకునే ఉంటుంది. లూప్‌లో అలా అడిగే కోడ్ మెమరీని నెమ్మదిగా తినేస్తుంది, ముందు ఒక స్కోప్ తెరిచి దాని నుంచి అడిగితే స్కోప్ మూసేటప్పుడు అవీ పోతాయి.