గోళ్ల రంగుకీ వజూకీ పేచీ ఎక్కడ మొదలైంది?

2018 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని ఇస్లామీ విద్యాపీఠం దేవ్‌బంద్ దారుల్ ఉలూమ్ నుంచి గోళ్ల రంగు వద్దంటూ ఫత్వా వచ్చిందన్న వార్త గుప్పుమంది. ఆడవాళ్ల అలంకరణ మీద ఇంకో ఆంక్ష అనుకున్నారు చాలామంది. దాని బదులు గోరింటాకు పెట్టుకోండన్న మాట మాత్రం పక్కకి పోయింది. అసలు సంగతి అందులోనే ఉంది. ఎర్రగా పండే గోరింటాకుకి లేని అభ్యంతరం నెయిల్ పాలిష్‌కి ఎందుకు?

నమాజుకు ముందు నీటితో చేసుకునే శుద్ధే వజూ. అందులో ముఖం, మోచేతుల దాకా చేతులు, చీలమండల దాకా పాదాలు కడగాలని, తలను తడిచేత్తో తుడవాలని ఖురాన్ అయిదో సూరా (అధ్యాయం) ఆరో వాక్యం చెబుతుంది. ఎంత కచ్చితంగా? ఒకాయన పాదం మీద గోరంత చోటు తడవకుండా మిగిలితే, వెళ్లి సరిగ్గా వజూ చేసుకు రమ్మని ప్రవక్త వెనక్కి పంపారని సహీహ్ ముస్లిం అనే సంకలనంలోని హదీసు, అంటే ప్రవక్త మాటలూ చేతల గురించిన ఉల్లేఖనం. పిండి పిసికేవాళ్ల గోళ్లకు ఎండిపోయిన ముద్ద నీటికి అడ్డమా కాదా అని పాత ఫిఖహ్ (ఇస్లామీ ధర్మశాస్త్ర) పండితులు తర్జనభర్జన పడింది అందుకే. గోరింటాకు రంగు ఒక్కటే మిగులుతుంది, పొర ఉండదు. అందుకే దానితో చిక్కు లేదు.

ఇరవయ్యో శతాబ్దంలో నైట్రోసెల్యులోజ్ పాలిష్ వచ్చింది. గోటి మీద పొరగా గట్టిపడటమే దాని గుణం, పాత నియమానికి సరిగ్గా అక్కడే తగిలింది. వజూలో పాదాలు కడగకుండా, తొడుక్కున్న తోలు మేజోళ్ల మీద తడిచేత్తో తుడిస్తే చాలు కదా, దీనికెందుకు కుదరదని అడిగేవాళ్లున్నారు. మంచి ప్రశ్నే. ఆ సడలింపు పాదాల తొడుగులకే, అదీ ఇంటిపట్టున ఉంటే ఒక పగలూ రాత్రీ, ప్రయాణంలో 3 రోజులు మాత్రమేనన్నది పండితుల జవాబు.

పోలండ్‌కు చెందిన ఇంగ్లాట్ కంపెనీ గాలి ఆడే పాలిష్ తెచ్చాక కథ మలుపు తిరిగింది. అమెరికాలో ముస్తఫా ఉమర్ అనే పండితుడు దానిలోంచి నీరు దిగుతుందా అని పరీక్ష పెట్టించారు. కాఫీ ఫిల్టర్ కాగితానికి పాలిష్ పూసి, ఆరాక కింద ఇంకో కాగితం పెట్టి, పైన నీటిచుక్క వేసి కాస్త నొక్కితే తడి కింది కాగితం దాకా దిగింది. ఫలితం బయటికొచ్చాక ముస్లిం మహిళల్లో దానికి గిరాకీ పెరిగింది. అయినా అందరూ ఒప్పుకోలేదు. కాగితం వేరు, గోరు వేరు. పైగా వజూ చేసేటప్పుడు ఎవరూ గోటిని అలా నొక్కుతూ కూర్చోరు. ఈ అభ్యంతరాన్ని కొట్టిపారేయలేం.

చాలామంది ఈ చర్చ జోలికే పోరు. నెలసరి రోజుల్లో నమాజు ఉండదు కాబట్టి అప్పుడు వేసుకుని, నెలసరి ముగిశాక చేసే గుసుల్ అనే శుద్ధి స్నానానికి ముందు రిమూవర్‌తో తుడిచేసుకుంటారు.