చండీగఢ్ కుర్చీ వెనక తెల్ల అక్షరాలు: అపోహలు – వాస్తవాలు

"అన్నా, జన్నరే కుర్చీ కొన్నా. కేన్ కొత్తగా అల్లివ్వాలి" అంటూ పోయిన నెల ఒక అబ్బాయి మా వర్క్‌షాపుకొచ్చాడు. పియర్ జన్నరే అంటే చండీగఢ్ నగరం కట్టేటప్పుడు అక్కడి ఆఫీసులకు కుర్చీలు డిజైన్ చేసిన విదేశీ ఆర్కిటెక్టు. లక్షా ఎనభై వేలు పెట్టాడట. వెనక తెల్ల పెయింటుతో ఉన్న అక్షరాలు, నంబరు చూపించి "ఇదిగో ఆయన మార్కు" అన్నాడు. పాత ఫర్నిచర్ బాగుచేసే నా పనిలో ఈ మాట వినని నెల లేదు.

అపోహ: వెనక రాత ఉంటే అది పియర్ జన్నరే కుర్చీయే.

కానే కాదు. అది ఆఫీసు సామాను లెక్క. మన తహసీల్దారు ఆఫీసు బీరువా మీద నంబరు వేసినట్టే, అక్కడ యూనివర్సిటీ, హైకోర్టు వాళ్లు వేసుకున్నారు. అసలు కుర్చీల్లో చాలావాటికి ఆ రాత ఉన్నమాట నిజమే. అది తెలిసినవాడికి చిన్న డబ్బా పెయింటు చాలు, అరగంటలో రాసేస్తాడు.

కుర్చీని బోర్లించి టార్చి వేశాను. 4 అంకె మీదుగా చెక్కలో సన్నటి పగులు. రాత పాతదైతే చెక్కతో పాటు పెయింటూ చీలాలి. ఇక్కడ తెలుపు పగులు లోపలికి దిగింది. అంటే చెక్క పగిలాకే రాశారు. చెబితే అతని ముఖం మాడిపోయింది. "ఇంట్లో ఇంకా రేటు చెప్పలేదన్నా" అన్నాడు.

తమ్ముడూ, తప్పు నీది కాదు. కేన్ విప్పించకు, పాలిష్ చేయించకు. ఉన్న ఆధారం కూడా శాండ్ పేపరుతో పోతుంది. ఫొటోలు తీసి, ఏ ఆఫీసు వేలంలో, ఏ ఏడాది వచ్చిందో కాగితంతో సహా చూపమని అమ్మినవాణ్ని రాతపూర్వకంగా అడుగు. "పోయినేడు ఆఫీసు వేలంలో దొరికింది" అంటే అసలు నమ్మకు. 2011లోనే కేంద్ర హోం శాఖ చండీగఢ్ వారసత్వ సామాను అమ్మకాన్ని ఆపమంది.

అపోహ: జన్నరే స్వయంగా చేశాడు.

చండీగఢ్ నగరానికి ప్లాన్ గీసిన లె కార్బూజియేకి బంధువైన జన్నరే 1965 దాకా చండీగఢ్‌లో ఉన్నాడు. డిజైన్లలో యూలీ చౌధురి లాంటి మన ఆర్కిటెక్టులూ పనిచేశారు. చేసింది అక్కడి వడ్రంగులు, వేర్వేరు వర్క్‌షాపుల్లో, వేల సంఖ్యలో. అందుకే ఒకే మోడల్ కుర్చీల్లోనూ కొలతలు కాస్త తేడాగా ఉంటాయి.

అపోహ: కేన్ కొత్తదైతే నకిలీ.

కేన్ వాడకంలో తెగుతుంది, మారుస్తారు. అంతే.

బిల్లులో "జన్నరే శైలి" అని ఉందేమో మాత్రం చూసుకోండి. ఆ ఒక్క మాట ఉంటే, అది జన్నరేదని అమ్మినవాడే హామీ ఇవ్వలేదన్నమాట.

అమ్మినవాడి నుంచి ఇంకా జవాబు రాలేదు. కుర్చీ విప్పకుండా, దుప్పటి కప్పి నా దగ్గరే ఉంచాను.