పాడైన కాగితం ఎవరి లెక్కలో పడాలి? మెషిన్‌మన్ శిక్షణ వెనుక కథ

ప్రింటింగ్ మెషిన్ నడపడం నేర్పవలసింది బడిలోనా, ప్రెస్సులోనా, అందుకు ఎన్నేళ్లు పట్టాలి అన్న చర్చ ముద్రణారంగంలో ఏ కాలంలోనూ పూర్తిగా తెగలేదు. మెషిన్‌మన్ కాదలచినవారు పాఠాల ద్వారా కొంత నేర్చుకోవచ్చు గానీ, షీటు మీద సిరా పలచబడిందనో, నీరు ఎక్కువైందనో, నాలుగు రంగులు ఒకదానిపై ఒకటి సరిగా కూర్చోలేదనో పసిగట్టే చూపు మెషిన్ పక్కన నిలబడి కొంత కాగితాన్ని పాడుచేస్తే తప్ప అబ్బదు. ఆ పాడైన కాగితాన్నీ, నేర్పడం కోసం ఆగిన మెషిన్ గంటలనూ ఎవరి ఖాతాలో రాయాలన్నదే ఈ శిక్షణ చరిత్రలో అసలు పేచీ అని నా అభిప్రాయం. ఎన్నేళ్లు, ఎక్కడ అన్నవి ఆ పేచీకి ఒక్కో కాలం చెప్పుకున్న జవాబులు మాత్రమే.

15వ శతాబ్దం మధ్యలో జర్మనీలోని మైన్జ్‌లో గూటెన్‌బర్గ్ అచ్చుపని మొదలుపెట్టిన తర్వాత సుమారు మూడున్నర శతాబ్దాల పాటు ప్రెస్సు అంటే చేతిమర. ఒకరు తోలుబంతులతో అచ్చుల మీద సిరా అద్దుతుంటే మరొకరు కాగితం పరిచి మీట లాగేవారు. లండన్‌లో ముద్రాపకులను, పుస్తక వ్యాపారులను కలిపిన స్టేషనర్స్ కంపెనీకి 1557లో రాచరిక అనుమతి పత్రం దక్కింది. 1563 నాటి ఇంగ్లండ్ చట్టం ఏ వృత్తిలో ప్రవేశించాలన్నా కనీసం ఏడేళ్లు అప్రెంటిస్‌గా ఉండాలని శాసించింది. పని నేర్చుకోవడానికి నిజంగా ఏడేళ్లు పడుతుందా అన్న సందేహం సహజమే. మొదటి ఏళ్లలో కుర్రవాడు చేసే నష్టాన్ని చివరి ఏళ్లలో అతని చవక శ్రమతో యజమాని రాబట్టుకోవడానికి మాత్రం ఆ గడువు చక్కగా సరిపోయేది. 1718లో బోస్టన్‌లో 12 ఏళ్ల బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన అన్న ప్రెస్సులో అప్రెంటిస్‌గా చేరినప్పుడు 21 ఏళ్లు నిండేదాకా ఉండాలని, చివరి ఏడాది మాత్రమే పనివాడి జీతం అందుతుందని ఒప్పందం. ఆ లెక్క నచ్చక 1723లో ఆయన పారిపోయాడు.

ఈ ఏర్పాటు కుప్పకూలిన ఏడాదిని వేలుపెట్టి చూపించవచ్చు. 1814లో ఇంగ్లండ్ పార్లమెంటు ఆ పాత చట్టంలోని అప్రెంటిస్ నిబంధనలను రద్దు చేసింది. అదే ఏడాది నవంబరు 29న ‘టైమ్స్’ పత్రిక ఆవిరితో నడిచే సిలిండర్ మెషిన్ మీద అచ్చయింది. దాన్ని తయారుచేసిన ఫ్రెడరిక్ కోనిగ్ లైప్‌జిగ్‌లో అప్రెంటిస్‌గా అచ్చుపని నేర్చుకున్నవాడే. చేతిమర గంటకు సుమారు 250 షీట్లు ఇచ్చే రోజుల్లో ఆ మెషిన్ గంటకు 1,100 షీట్లు ఇచ్చింది. అక్షరాలు కూర్చే కంపోజిటర్ నుంచి వేరుపడి మెషిన్‌ను కనిపెట్టుకుని ఉండే మెషిన్‌మన్ ఒక ప్రత్యేక వృత్తిగా నిలదొక్కుకున్నది ఇటువంటి మెషిన్ల వెంటే.

వేగంతో పాటు పొరపాటు ఖరీదూ పెరిగింది. నిమిషానికి నాలుగు షీట్లు పాడయ్యే చోట పదునెనిమిది పాడవుతాయి కనుక, కొత్తవారికి ముఖ్యమైన పని అప్పగించడానికి ఎవరూ సాహసించలేదు. కుర్రవాళ్లకు మెషిన్‌లోకి షీట్లు అందించడం, అచ్చయిన షీట్లు తీసి పేర్చడం అప్పగించారు. అచ్చు ఒత్తిడి అంతటా సమంగా పడేలా సిలిండర్ మీద పలచని కాగితపు ముక్కలు అతికిస్తూ గంటల తరబడి సరిచేసే మేక్‌రెడీ పని మాత్రం సీనియర్ మెషిన్‌మన్ చేతిలోనే ఉండిపోయింది. ఏళ్ల తరబడి షీట్లు అందించినా మేక్‌రెడీ రానివారు తయారయ్యారంటే ఆశ్చర్యపోనవసరం లేదు. ఆ లోటును పూరించడానికే బడులు పుట్టాయి. పారిస్‌లో ఎకోల్ ఎస్తియెన్ 1889లోను, లండన్‌లోని సెయింట్ బ్రైడ్ సంస్థలో ముద్రణ పాఠశాల 1894లోను ప్రారంభమయ్యాయి. వేగంగా వందల కాపీలు తీయవలసిన ఒత్తిడి లేని చోట, మెషిన్‌ను ఆపి, విప్పి, మళ్లీ బిగించి చూపించడం మొదటిసారి వీలైంది. వేస్టు కాగితం ఖర్చు ప్రెస్సు యజమాని ఖాతా నుంచి విద్యాసంస్థ ఖాతాకు మారింది.

ఇక్కడొక చమత్కారం చెప్పుకోవాలి. ఆఫ్‌సెట్ ముద్రణ పుట్టిందే ఒక పాడైన షీటు వల్ల. 1904 ప్రాంతంలో న్యూజెర్సీలోని నట్లీలో ఐరా రూబెల్ ప్రెస్సులో షీటు అందించడం ఒకసారి తప్పింది. బొమ్మ రబ్బరు చుట్టిన సిలిండర్ మీద పడి, అక్కడి నుంచి తర్వాతి షీటు వెనుకవైపుకు దిగింది. ఆ వెనుకవైపు అచ్చు ముందువైపు కంటే స్పష్టంగా ఉందని రూబెల్ గమనించాడు. బొమ్మ ఉన్న ప్లేటు నుంచి బ్లాంకెట్ అనే ఆ రబ్బరు పొరకు, బ్లాంకెట్ నుంచి కాగితానికి అచ్చు దిగే ఈ పద్ధతి వ్యాపించాక మెషిన్‌మన్ నేర్చుకోవలసిన విద్యే మారిపోయింది. ఒత్తిడి సరిచూసే పనికి బదులు సిరా, అది అంటకూడని చోట ప్లేటును తడిపే నీరు, ఈ రెండింటి పాళ్లు, నీటి ఆమ్లత్వం, బ్లాంకెట్ బిగువు ముందుకొచ్చాయి. అచ్చులను నేరుగా కాగితం మీద ఒత్తే లెటర్‌ప్రెస్‌లో చేయి తిరిగినవారు సగం వయసులో మళ్లీ అప్రెంటిస్‌లయ్యారు.

బడి, ప్రెస్సు రెండూ ఖర్చు పంచుకోవాలన్న ఏర్పాటుకు జర్మనీ 1969లో చట్టరూపం ఇచ్చింది. అక్కడ నేర్చుకునేవారు మూడేళ్ల పాటు కొంతకాలం ప్రెస్సులో, కొంతకాలం వృత్తి పాఠశాలలో గడుపుతారు. 1977లో హైడెల్‌బర్గ్ కంపెనీ సిరా ఎంత పడాలో నియంత్రించే మరలను (ఇంక్ కీలను) దూరం నుంచి తిప్పే కంట్రోల్ డెస్కును ప్రదర్శించిన నాటి నుంచి మెషిన్‌మన్ చేయి క్రమంగా ఆ మరల నుంచి డెస్కు మీది బటన్ల మీదికి జరిగింది. 2011లో జర్మనీ ఆ వృత్తి పేరు నుంచి ‘ముద్రాపకుడు’ అన్న పాత మాటను తీసేసి ‘ముద్రణ మాధ్యమ సాంకేతికుడు’ అన్న అర్థం వచ్చే పేరు పెట్టింది. పేరు మార్పు పని మార్పును పూర్తిగా సూచిస్తుందని నేను నమ్మను. గంటకు 18,000 షీట్లు పరుగెత్తే నేటి మెషిన్ ముందు ఒక్క నిమిషం తటపటాయిస్తే 300 షీట్లు చేజారిపోతాయి. రంగు సాంద్రతను డెన్సిటోమీటరు అంకెల్లో చూపినా, ఆ తేడాకు కారణం సిరాదా, నీటిదా, కాగితానిదా అని తేల్చవలసింది మనిషే.

అందుకే ఇటీవల కొన్ని శిక్షణ కేంద్రాలు మెషిన్‌కు బదులు సిమ్యులేటర్‌ను వాడుతున్నాయి. తెర మీద కావాలనే లోపం పుట్టించి, నేర్చుకునేవారు దాన్ని సరిచేసేలోపు ఎన్ని షీట్లు పాడయ్యాయో, వాటి ఖరీదెంతో లెక్కగట్టి చూపించే ఈ ఏర్పాటులో ఆ నష్టం ఎవరి ఖాతాలోనూ పడదు. అయితే తేమకు వంగిన కాగితాన్ని చేత్తో విసిరి గాలి ఆడించడం, స్థిరవిద్యుత్తుతో ఒకదానికొకటి అంటుకున్న షీట్లను విడదీయడం తెర నేర్పలేదు. వాటికోసం మళ్లీ నిజమైన మెషిన్ దగ్గరికే రావాలి. ఆ మొదటి రోజుల్లో మెషిన్‌లోకి షీట్లు అందించే ఫీడర్ మీద కట్ట పైన పేర్చేది, పాత అచ్చు పనుల్లో పాడై పక్కన పెట్టిన వేస్టు షీట్లనే.