మా బాయి అని ఎందుకంటానంటే

పిల్లలూ,

మొన్న దసరాకు వచ్చినప్పుడు అడిగారు కదా, "తాతా, రిటైరై ఇన్నేళ్లయింది, ఇంకా బొగ్గు గనిని మా బాయి అంటావేంటి? అది సర్కారుది కదా!" అని. చుట్టాల సందడిలో సరిగా చెప్పలేకపోయాను.

నిజమే. సింగరేణిలో 51 శాతం రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. మాకంటూ ఏమీ మిగల్లేదు. అయినా గోదావరిఖనిలో, మందమర్రిలో, కొత్తగూడెంలో ఏ కార్మికుణ్ని కదిపినా గనిని "మా బాయి" అనే అంటాడు.

జీతం వల్లే అయితే జీతం ఆగిన రోజే ఆ మాటా ఆగిపోవాలి. నాకు ఆగలేదు. దిగేముందు ల్యాంపు రూములో దీపం తీసుకుంటాం, షిఫ్టు అయ్యాక తిరిగి ఇస్తాం. ఒక్క దీపం రాలేదంటే ఒక మనిషి ఇంకా కిందే ఉన్నాడని. ఆ దీపం వచ్చేదాకా ఎవరికీ ఇంటికి కాలు కదిలేది కాదు. లోపల కప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టేది ఒకరు, దాని కింద బొగ్గు నింపేది ఇంకొకరు. అతను సరిగా నిలబెట్టాడన్న నమ్మకంతోనే నేను తలెత్తి చూడకుండా పని చేసేవాణ్ని. అతనిది ఏ ఊరో, ఏ కులమో నాకు తెలియదు. నాకు "మనం" అన్న మాట అక్కడే అలవాటైంది.

తర్వాత చెడ్డ రోజులొచ్చాయి. 1990లలో సంస్థ నష్టాల్లో కూరుకుపోయి రెండుసార్లు బీఐఎఫ్ఆర్ గడప తొక్కింది, అంటే ఖాయిలా పడ్డ కంపెనీల సంగతి తేల్చే కేంద్ర సంస్థ. ఇంట్లో టెన్షన్, బయట టెన్షన్. కోలుకున్నాక లాభాల్లో కార్మికులకు వాటా ఇవ్వడం మొదలైంది. డబ్బు అవసరమే, కాదనను. కానీ అంతకంటే పెద్ద మార్పు ఇంకోటి. ఈ ఏడాది ఎన్ని టన్నులు తీశారని మీ నానమ్మ కూడా అడిగేది! బొగ్గు మోసే బెల్టు ఆగితే "మనకెందుకులే" అనే మాట తగ్గింది. లెక్క మన ముందు పెట్టినప్పుడు పని మనదవుతుంది.

2023-24 లాభాల్లో విస్తరణకు కొంత పక్కన పెట్టి, మిగిలినదాంట్లో 33 శాతం వాటా ఇచ్చారు. అప్పుడే మొదటిసారి కాంట్రాక్టు కార్మికులకూ తలా 5,000 రూపాయలు ఇచ్చారు. పర్మినెంటు వాళ్లకు వచ్చినదాని ముందు అది చాలా చిన్నది. అదే దుమ్ములో పనిచేసేవాళ్లకు ఇంకా ఎక్కువే రావాలని నా మనసు.

మన వీధిలో ఒక కాంట్రాక్టు కుర్రాడున్నాడు. ఎవరడిగినా "సింగరేణిలో చేస్తున్నా" అనేవాడు తప్ప "మాది సింగరేణి" అనేవాడు కాదు. ఆ డబ్బు వచ్చిన సాయంత్రం మిఠాయి పొట్లం పట్టుకుని మన ఇంటికి వచ్చాడు. అందరూ దాన్ని బోనస్ అంటున్నారు. అతను మాత్రం "తాతా, నా వాటా" అన్నాడు.

మీ తాత